అమ్మకి టెట్ లేదు, కూతురికి ఉద్యోగం లేదు

ఈసారి ఉత్తరం వనస్థలిపురం నుంచి వచ్చింది. పేరు రాయొద్దన్నారు కాబట్టి మేడం అనే పిలుస్తాను. చాలా పెద్ద ఉత్తరం, ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ పెడుతున్నా.

మేడంకి 50 ఏళ్లు. టీటీసీ (టీచర్ ట్రైనింగ్) చేసి 2002లో డీఎస్సీ అనే టీచర్ల నియామక పరీక్ష ద్వారా ఎస్‌జీటీగా, అంటే ప్రైమరీ టీచర్‌గా చేరారు, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఒక గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్లో చెప్తున్నారు, రోజూ రెండు బస్సులు మారి వెళ్తారు. ఆవిడ చదువంతా తెలుగు మీడియమే. 2022లో స్కూల్ ఇంగ్లిష్ మీడియం అయినప్పుడు కూడా గాబరా పడ్డారట, కానీ పిల్లలతో పాటు తనూ నేర్చుకుంటూ నెట్టుకొచ్చారు. తర్వాత 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఒకటి నుంచి ఎనిమిది క్లాసులకి చెప్పే టీచర్లలో రిటైర్మెంట్‌కి ఐదేళ్ల కంటే ఎక్కువ టైమ్ ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాస్ అవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి అని. మేడంకి ఇంకా 11 ఏళ్ల సర్వీసు ఉంది. "మేము చేరినప్పుడు టెట్ అనేదే లేదు. 2010లో ఎన్‌సీటీఈ (టీచర్ ట్రైనింగ్ రూల్స్ పెట్టే జాతీయ సంస్థ) వాళ్లే పాతవాళ్లకి అక్కర్లేదన్నారు. ఇన్నేళ్లు పాఠం చెప్పాక ఇప్పుడు నాకు చెప్పడం వచ్చో రాదో కంప్యూటర్ ముందు కూర్చుని చూపించుకోవాలా" అని రాశారు.

ఇది ఒక సగం, ఇంకో సగం కూతురిది. అమ్మాయికి 26. బీఎస్సీ బీజెడ్‌సీ, తర్వాత 2020 నుంచి 2022 దాకా బీఈడీ. అప్పటి రూల్ ప్రకారం బీఈడీ వాళ్లు ఎస్‌జీటీకి కూడా అర్హులే, అది చూసుకునే చేర్పించారు. 2022 టెట్‌లో పేపర్ 1లో (ఒకటి నుంచి ఐదు క్లాసులకి) 108 మార్కులు, పేపర్ 2లో (ఆరు నుంచి ఎనిమిదికి) 92 వచ్చాయి. 2023 ఆగస్టులో బీఈడీ వాళ్లు ప్రైమరీకి పనికిరారని సుప్రీంకోర్టు చెప్పేసింది, దాంతో ఆ 108 ఉత్త కాగితం అయిపోయింది. 2024 డీఎస్సీలో హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ బయాలజీకి రాసింది, రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేట్ స్కూల్లో 14 వేలకి చెప్తోంది. ఆ మధ్య ఒక కోచింగ్ సెంటర్ ఆయన, 25 వేలు కడితే ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేయిస్తాను, ఎస్‌జీటీకి ఎలిజిబుల్ అయిపోతావు అన్నాడట. డీఎల్‌ఈడీలో (ప్రైమరీ టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) చేరాలా అని కూడా ఆలోచిస్తోంది.

ఆయనగారేమో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకో, వచ్చిన డబ్బుతో అమ్మాయి పెళ్లి చేసేద్దాం, ఈ వయసులో పరీక్షలేంటి అంటున్నారు. ఇలా ఉండగా ఒకరోజు టెట్ పుస్తకాల దగ్గర తల్లీకూతుళ్లకి మాటామాటా పెరిగి అమ్మాయి "నీకు టెట్ లేకుండా ఉద్యోగం ఉంది, నాకు ఉద్యోగం లేకుండా టెట్ ఉంది" అనేసింది. మేడం కోపంలో "అంత డబ్బు తగలేసి చదివించింది ఇందుకేనా" అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ముక్తసరి మాటలే. చివర్లో రెండు ప్రశ్నలు వేశారు. వీఆర్‌ఎస్ తీసుకోవాలా, పరీక్ష రాయాలా? ఇలా రూల్స్ మార్చినప్పుడల్లా అయ్యే ఖర్చు ఎవరు కట్టాలి?

మేడం, ముందు వీఆర్‌ఎస్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ముందున్న వాటిలో ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేనిది అదొక్కటే.

తీర్పుని పేపర్లో హెడ్డింగ్ వరకు చదివితే "టెట్ లేకపోతే ఇంటికే" అన్నట్టుంది. లోపల ఇంకో మాట కూడా ఉంది, గడువులోపు పాస్ కాని టీచర్లని కంపల్సరీగా రిటైర్ చేసినా, రూల్స్ ప్రకారం కావాల్సిన సర్వీసు ఉంటే వాళ్లకి రావాల్సిన రిటైర్మెంట్ బెనిఫిట్స్ ఇవ్వాలి అని. వీఆర్‌ఎస్‌కి కావాల్సింది 20 ఏళ్ల సర్వీసు, మీకు అంతకంటే ఎక్కువే ఉంది. పైగా మీరు 2004 సెప్టెంబర్ కంటే ముందు చేరారు కాబట్టి సీపీఎస్ (కొత్త కాంట్రిబ్యూటరీ పెన్షన్) గొడవ లేదు, పాత పెన్షనే. ఇప్పుడు ఒక్కసారి నిమ్మళంగా ఆలోచించండి. ఇవాళ వీఆర్‌ఎస్ తీసుకుంటే మీకు వచ్చేది పెన్షన్, గ్రాట్యుటీ. 2027 ఆగస్టు ఆఖరు దాకా ఉద్యోగం చేస్తూ టెట్ రాసి, అన్నిసార్లూ ఫెయిల్ అయ్యారనుకోండి, అప్పుడు చేతికొచ్చేదీ దాదాపు అదే, కాకపోతే ఈలోపు జీతం అందుతుంది, సర్వీసు పెరుగుతుంది. అంటే రాసి ఓడిపోయినా డబ్బు పరంగా మీకు పెద్దగా పోయేదేం ఉండకపోవచ్చు. పాస్ అయితే 61 దాకా ఉద్యోగం. వీఆర్‌ఎస్ మిమ్మల్ని ఒక్కదాన్నుంచే కాపాడుతుంది, రిజల్ట్ వచ్చిన రోజు స్టాఫ్ రూమ్‌లో నలుగురి ముందు తలదించుకోవాల్సి వస్తుందేమో అన్న భయం నుంచి. ఆ భయం చిన్నదని నేను అనను. కానీ దానికి 11 ఏళ్ల జీతం ధర కట్టొచ్చా అన్నది మీరే చూసుకోండి.

మన దగ్గర ఫుల్ పెన్షన్‌కి 33 ఏళ్ల సర్వీసు లెక్క అని మీకు తెలుసు, వాలంటరీగా వెళ్లేవాళ్లకి కొన్నేళ్లు కలుపుతారు గానీ తక్కువైన మేరకు తగ్గుతుంది. ఈ లెక్క ఆయనగారు నోటితో చెప్పడం కాదు, మీ డీడీఓ (జీతాల బిల్లు పెట్టే అధికారి) ఆఫీసులో సర్వీస్ రిజిస్టర్ ముందు పెట్టుకుని కాగితం మీద వేయించుకోండి. ఇప్పుడు వెళ్తే నెలకి ఎంత, 2027లో వెళ్తే ఎంత, 61కి వెళ్తే ఎంత, మూడూ పక్కపక్కన రాయించండి. వీఆర్‌ఎస్‌కి మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అది ఎప్పుడైనా ఇవ్వొచ్చు, దానికి తొందరేం లేదు. మీకేదైనా ఆరోగ్య సమస్య ఉండో, ప్రయాణం పడకో నిజంగానే మానేయాలని ఉంటే అది వేరే మాట, ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. ఉన్నదల్లా పిల్లల గురించి, వాళ్లు అక్షరాలు దిద్దడం గురించి రెండు పేజీలు. మానేయాలనుకునే మనిషి రాసే రాత కాదది.

ఇక పరీక్ష. మీరు "కోచింగ్ వాళ్లు 120 దాటాలంటున్నారు, నా వల్ల కాదు" అన్నారు. ఎవరికి దాటాలి 120? డీఎస్సీ రాసేవాళ్లకి. ఎందుకంటే డీఎస్సీలో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంటుంది, అందుకే అమ్మాయిలాంటి వాళ్లు పాస్ అయినా ఇంకో నాలుగు మార్కుల కోసం మళ్లీ మళ్లీ రాస్తుంటారు. మీరు డీఎస్సీ రాయట్లేదు, మీకు ఉద్యోగం ఉంది. మీరు బీసీ అని రాశారు, బీసీలకి పాస్ మార్కు 50 శాతం, అంటే 150కి 75. ఓసీ వాళ్లయితే 90, ఎస్సీ ఎస్టీలకి 60. మీకు 75 వచ్చినా 140 వచ్చినా ఫలితం ఒకటే. ఒకే ఇంట్లో ఒకే పరీక్ష పుస్తకాలు ఉన్నాయి గానీ మీ ఇద్దరూ రాస్తున్నది రెండు వేర్వేరు పరీక్షలు, ఇది మీరిద్దరూ గమనించుకున్నట్టు లేరు.

పేపర్ 1 ఎలా ఉంటుందో చూద్దాం. చైల్డ్ డెవలప్‌మెంట్ అండ్ పెడగాజీ (పిల్లల ఎదుగుదల, పాఠం చెప్పే పద్ధతులు) 30, తెలుగు 30, ఇంగ్లిష్ 30, మ్యాథ్స్ 30, పరిసరాల విజ్ఞానం 30. రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. తెలుగు, మ్యాథ్స్, పరిసరాలు మీరు రోజూ చెప్పేవే, కాకపోతే ప్రశ్న పదో తరగతి స్థాయి దాకా లాగుతారు, అందుకని ఆరు నుంచి పది దాకా పాఠ్యపుస్తకాలు ఒకసారి తిరగేయాలి. ఈ మూడింట్లో కలిపి 60 తెచ్చుకోవడం మీలాంటి వాళ్లకి పెద్ద విషయం కాదు. మిగతా 15 ఇంగ్లిష్‌లో, పెడగాజీలో కలిపి రావాలి, అంటే ఆ 60 ప్రశ్నల్లో పావు వంతు. మీరు భయపడుతున్న పియాజే, కోల్‌బర్గ్, వైగాట్‌స్కీ అనే సైకాలజిస్టుల సిద్ధాంతాలన్నీ ఆ పెడగాజీ 30 లోపలే ఉన్నాయి, పరీక్ష మొత్తం వాళ్లే కాదు. భాషల పేపర్లు పోను మిగతా ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) కూడా రాసేద్దామా అని అడిగారు కదా, భాషల భాగం పోను దాని ప్రశ్నలు హిందీ, ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, తెలుగు మీడియం వాళ్లకి అది ఇంకో తలనొప్పి, మన టెట్ ఏడాదికి రెండుసార్లు పెడుతున్నప్పుడు దాని వెనక పడక్కర్లేదు. ప్రమోషన్ మీద ఆశ ఉంటే మాత్రం స్కూల్ అసిస్టెంట్‌కి పేపర్ 2 కావాలి, ముందు పేపర్ 1 గట్టెక్కాక దాని సంగతి చూడండి.

కంప్యూటర్ భయం నిజమే గానీ అది పది రోజుల్లో పోయే భయం. టెట్ వెబ్‌సైట్లో మాక్ టెస్ట్ పెడతారు, దాన్ని ఇంట్లో నాలుగైదు సార్లు చేస్తే మౌస్ ఎక్కడ నొక్కాలో చేతికి అలవాటవుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులకి వెళ్లాలా వద్దా అంటే, మీకు 75 కోసం వేలకి వేలు పోయాల్సిన పని లేదని నా ఉద్దేశం, పైగా రెండు బస్సులు దిగి సాయంత్రం బ్యాచ్‌కి వెళ్తే అక్కడ మీకు నిద్రే వస్తుంది. మీ స్కూల్ కాంప్లెక్స్‌లో మీలాంటి వాళ్లు ఇంకొంతమంది ఉండే ఉంటారు, 2010కి ముందు చేరినవాళ్లు. వాళ్లతో ఒక గ్రూప్ పెట్టుకుని ఆదివారాలు కూర్చోండి. సిగ్గు కూడా పంచుకుంటే తగ్గుతుంది.

ఒక్క మాట కఠినంగా చెప్తా, ఏమనుకోవద్దు. మీ ఉత్తరంలో ఒకచోట "క్లాసులో పిల్లలకి రాత పని ఇచ్చి నేను బిట్స్ చూసుకుంటున్నా" అని రాశారు. ఎందుకు చేస్తున్నారో అర్థమవుతుంది, ఇంటికెళ్తే వంట, పొద్దున్నే బస్సు, చదవడానికి టైమ్ ఎక్కడుంది. అయినా సరే అది ఆపేయండి. ఖర్చు ఎవరు కడుతున్నారు అని మీరు అడిగారు కదా, అందులో మొదటి వాయిదా కడుతున్నది ఆ మూడో తరగతి పిల్లలే. టీచర్ క్వాలిటీ కోసం పెట్టిన పరీక్ష వల్ల టీచర్ క్లాసులో పాఠం మానేస్తే దానికంటే ఎదురు పని ఉంటుందా? సెలవులు ఉన్నాయి కదా, ఈఎల్స్, హాఫ్ పే, వాటిల్లో కొన్ని పరీక్షకి ముందు వాడుకోండి, మిగతా రోజుల్లో క్లాస్ క్లాసే.

సరే, ఖర్చు ప్రశ్నకి వద్దాం, నాకు ఈ ప్రశ్న నచ్చింది. మన హైదరాబాద్‌లో కొత్త రోడ్డు వేసిన మర్నాడే పైపుల కోసం తవ్వుతారు చూడండి, టీచర్ ట్రైనింగ్ రూల్స్ కూడా ఇన్నేళ్లూ అలాగే నడిచాయి. బీఈడీ ఏడాది కోర్సు ఉండేది, 2014 రెగ్యులేషన్స్‌తో రెండేళ్లు చేశారు, 2015 బ్యాచ్ నుంచి అమలైంది. అంటే ప్రతి కుటుంబానికీ ఇంకో ఏడాది ఫీజు, హాస్టల్ అయితే అదీ, ఇంకో ఏడాది జీతం లేకపోవడం. 2025లో మళ్లీ డ్రాఫ్ట్ పెట్టారు, నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ ఉన్నవాళ్లకి ఏడాది బీఈడీ చాలని. మరి మధ్యలో రెండేళ్లు చదివినవాళ్ల ఆ రెండో ఏడాది ఎవరి ఖాతాలో రాయాలి? 2017లో విద్యాహక్కు చట్టం సవరించి, ట్రైనింగ్ లేని టీచర్లందరూ 2019 మార్చి 31 లోపు డీఎల్‌ఈడీ చేసుకోవాలన్నారు, ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా పద్దెనిమిది నెలల్లో లక్షల మంది చేశారు, 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు అది రెండేళ్ల డీఎల్‌ఈడీతో సమానం కాదంది, మళ్లీ 2024 డిసెంబర్‌లో అప్పటికే సర్వీస్‌లో ఉన్నవాళ్లకి కొంత ఊరట ఇచ్చింది. మన తెలంగాణలో టెట్ ఫీజు చూడండి, 2022లో 300, 2023లో 400, 2024 మొదట్లో ఒక్కసారిగా ఒక పేపర్‌కి వెయ్యి, రెండింటికీ 2 వేలు, గొడవలయ్యాక తర్వాతి టెట్‌కి 750, వెయ్యి చేశారు. ఉద్యోగం లేని పిల్లల దగ్గర పరీక్ష పెట్టే ఖర్చు రాబట్టుకోవడం అన్నమాట.

గవర్నమెంట్‌కి ఖర్చు లేదా అంటే ఉంది. కోర్టు కేసులు, ఆగిపోయిన నియామకాలు, బ్రిడ్జ్ కోర్సులు, ఖాళీగా ఉన్న పోస్టులు. కానీ బడ్జెట్ పుస్తకంలో "రూల్ మార్చినందుకు" అని ఒక పద్దు మీకెక్కడా కనపడదు. కొంత స్కూళ్లలోకి, కొంత కోర్టుల్లోకి, ఎక్కువ భాగం మీ ఇంటి లాంటి ఇళ్లలోకి వెళ్లిపోతుంది. అక్కడ దాన్ని ఎవరూ లెక్కేయరు కాబట్టి రూల్ మార్చేటప్పుడు ఎంత అవుతుందని ఎవరూ అడగరు. నా మట్టుకు నేను అడిగేది ఒకటే, రూల్ మార్చండి, కానీ దానికి కావాల్సిన ట్రైనింగ్, సెలవు, ఫీజు మార్చినవాళ్లే పెట్టుకోండి. సర్వీస్‌లో ఉన్న టీచర్‌కి టెట్ తప్పనిసరి అంటే ఎండాకాలం సెలవుల్లో డైట్‌లలో (జిల్లాల్లోని గవర్నమెంట్ టీచర్ ట్రైనింగ్ కాలేజీలు) ఉచితంగా క్లాసులు పెట్టాలి, అది టీచర్లకి చేసే దయేం కాదు. మీ సంఘం వాళ్లు మినహాయింపు ఒక్కటే అడుగుతున్నట్టున్నారు, ఇది కూడా అడగమనండి, మినహాయింపు కంటే ఇది దొరకడం తేలిక.

అలాగని రూల్ వెనక కారణం లేదనీ అనను. 2012లో జస్టిస్ వర్మ కమిషన్ టీచర్ ట్రైనింగ్ కాలేజీల మీద రిపోర్ట్ ఇచ్చింది, దాన్ని చెప్తూ 2020 జాతీయ విద్యా విధానమే రాసుకుంది, 10 వేలకి పైగా కాలేజీల్లో ఎక్కువ భాగం చదువు చెప్పకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయని. అలాంటి సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్ల చేతికి ఆరేళ్ల పిల్లని ఇవ్వాలంటే ఒక జల్లెడ ఉండాల్సిందే. బీఈడీ తీర్పు కూడా అంతే, చిన్నపిల్లలకి చెప్పే పద్ధతి వేరు, దానికి ట్రైనింగ్ డీఎల్‌ఈడీలోనే ఇస్తారు అన్నది తప్పు మాటేం కాదు, మీరే మీ ఉత్తరంలో అమ్మాయికి ఒకటో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టడం రాదని నవ్వుతూ రాశారు. తప్పల్లా 2018 జూన్‌లో వాళ్లని అర్హులు అని నోటిఫికేషన్ ఇచ్చి ఐదేళ్లు ఆ మాట మీద పిల్లల్ని చదవనివ్వడం. అమ్మాయి తప్పు చదువు చదవలేదు. అప్పటి గవర్నమెంట్ కాగితం చూసి చదివింది.

అందుకే "డబ్బు తగలేసి" అన్న మాట మీరు వెనక్కి తీసుకోవాలి మేడం. ఆ అమ్మాయి అన్నదానికి మీ మనసు గాయపడింది, నిజమే, కానీ అది మిమ్మల్ని తిట్టిన మాట కాదు, ఇద్దరి పరిస్థితీ ఉన్నదున్నట్టు చెప్పిన మాట, కాకపోతే మీ మొహం మీద చెప్పింది. మీరన్నది మాత్రం ఆమె మీద వేసిన నింద. రెండూ సమానం కావు. తను క్షమాపణ చెప్పేదాకా ఆగుతా అనుకోవద్దు. ఇంకోటి, తనని మీకు ట్యూషన్ చెప్పమని మీరు అడగొద్దు. తనంతట తను పెడగాజీ చెప్తానంటే కూర్చోండి, అంతవరకే. 14 వేలకి రోజంతా నిలబడి వచ్చిన పిల్లకి, తను గెలిచీ ఏం లాభం రాని పరీక్షని మళ్లీ మీకోసం తిరగేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అమ్మాయి దారులు. ముందు ఆ 25 వేల బ్రిడ్జ్ కోర్సు, దాని జోలికి పోవద్దు. ప్రైమరీలో బీఈడీతో 2018 జూన్ 28 నుంచి 2023 ఆగస్టు 11 మధ్య అప్పటికే నియమితులైన వాళ్ల ఉద్యోగాలు పోకుండా సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో చెప్పింది, వాళ్లకోసం ఎన్‌ఐఓఎస్ ఆరు నెలల కోర్సు పెట్టింది. అమ్మాయికి అప్పుడు అపాయింట్‌మెంట్ లేదు, కాబట్టి అది తనకి వర్తించదు. ఎవరైనా వర్తిస్తుందంటే జీవో నంబరు అడగండి, ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడు.

డీఎల్‌ఈడీలో చేరితే డీసెట్ అనే ఎంట్రన్స్ రాసి రెండేళ్లు రెగ్యులర్‌గా వెళ్లాలి, డైట్‌లో సీటు వస్తే ఖర్చు తక్కువ, ప్రైవేట్ అయితే చూసుకోవాలి. హాజరు గట్టిగా ఉంటుంది కాబట్టి స్కూల్ ఉద్యోగం మానాలి, అంటే రెండేళ్ల జీతం పోతుంది, 14 వేలే అయినా లెక్కేస్తే మూడు లక్షలు దాటుతుంది. బదులుగా ఎస్‌జీటీ తలుపు తెరుచుకుంటుంది, అది చిన్న తలుపు కాదు, 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో ఎస్‌జీటీవే 6,508, స్కూల్ అసిస్టెంట్ అన్ని సబ్జెక్టులూ కలిపి 2,629. రిస్క్ ఏంటంటే తను పూర్తి చేసేనాటికి డీఎస్సీ ఎప్పుడు వస్తుందో మనకి తెలీదు. తెలంగాణ వచ్చాక పెద్ద నియామకం 2017లో, తర్వాతది 2024లో, మధ్యలో 2023 సెప్టెంబర్‌లో 5,089 పోస్టులకి ఇచ్చింది రద్దయింది. పైగా 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీయే కనీస అర్హత అన్నది జాతీయ విద్యా విధానంలో ఉంది, అది ఎంతవరకు అమలవుతుందో గానీ కొత్తగా డీఎల్‌ఈడీలో చేరేవాళ్లు ఆ మాట తెలుసుకుని చేరాలి.

రెండో దారి, ఉన్న బీఈడీతోనే స్కూల్ అసిస్టెంట్ కోసం పట్టు పట్టడం. పేపర్ 2లో 92 అంటే పాస్ మార్కే గానీ వెయిటేజీకి తక్కువ, దాన్ని పెంచుకోవాలి. టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది కాబట్టి మళ్లీ రాసినా పాతది పోదు. ఇదే బీఈడీ, ఇదే పేపర్ 2 మీద గురుకులాల టీజీటీ (హైస్కూల్ టీచర్) పోస్టులు కూడా ఉన్నాయి, సీటెట్ పేపర్ 2 రాస్తే కేంద్రీయ విద్యాలయాల టీజీటీకి పనికొస్తుంది, ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్ల కాబట్టి మీకున్న భాష ఇబ్బంది తనకి ఉండదు. ఉద్యోగం మానక్కర్లేదు, కానీ బయాలజీలో పోస్టులు కొన్నే, పోటీ ఎక్కువ, ఇదే పట్టుకుని నాలుగేళ్లు గడిచిపోయే ప్రమాదం ఉంది. మూడోది పీజీ. ఎమ్మెస్సీ బోటనీ గానీ జువాలజీ గానీ చేస్తే జూనియర్ లెక్చరర్‌కి టెట్‌తో పనే లేదు, గురుకులాల పీజీటీకి (పీజీ చేసినవాళ్లకి ఇచ్చే టీచర్ పోస్టు) కూడా దారి ఉంటుంది. సైన్స్ మీద ఇష్టం ఉన్న పిల్ల అయితే నేను ఇటు మొగ్గుతాను, చిన్నపిల్లలంటే ఇష్టమైతే డీఎల్‌ఈడీ వైపు. ఎటు ఇష్టమో మీ ఉత్తరంలో లేదు. తనని ఎవరూ అడిగినట్టు కూడా లేదు.

కోర్టు మీద ఆశ పెట్టుకుని ఆగడం కూడా ఒక దారే అంటారు కొందరు. మీ విషయంలో కొన్ని రాష్ట్రాలు రివ్యూ పిటిషన్లు వేశాయి, చట్టం సవరించమని కేంద్రాన్ని అడుగుతున్నారు. ఏదైనా వస్తే మంచిదే. కానీ 2008 డీఎస్సీ వాళ్లని గుర్తు చేసుకోండి. నోటిఫికేషన్ ఇచ్చాక మధ్యలో ఎస్‌జీటీ పోస్టుల్లో 30 శాతం డీఈడీ (డీఎల్‌ఈడీకి పాత పేరు) వాళ్లకి కేటాయించారు, మెరిట్ ఉన్న బీఈడీ వాళ్లు కోర్టుకెళ్లారు, తెలంగాణలో వాళ్లకి చివరికి 2025లో కాంట్రాక్ట్ కింద పోస్టింగ్ వచ్చింది. పాతికేళ్లప్పుడు రాసిన పరీక్షకి నలభై దాటాక స్కూల్లో అడుగుపెట్టారు. కేసు నడవనివ్వండి, మీరు మాత్రం అది ఓడిపోతుందనే అనుకుని చదవండి.

పెళ్లి మాటకి ఒక్క వాక్యం, అమ్మాయి పెళ్లికి మీ పెన్షన్ కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకోవడం) మేలో, మీ నెల జీతం మీద వచ్చే లోన్ మేలో, ఆ లెక్క కూడా అదే కాగితం మీద వేయించి ఆయనగారి చేతికివ్వండి.

డబ్బు విషయంలో నేను చెప్పేది, మీ టెట్, అమ్మాయి కోర్సు, పెళ్లి మూడూ ఒకే ఏడాదిలో నెత్తిన పెట్టుకోవద్దు. మీ టెట్‌కి ఖర్చు 750 ఫీజు, కొన్ని పుస్తకాలు, అంతే, ముందు అది కానివ్వండి. మీ ఉద్యోగం నిలబడితే అమ్మాయి రెండేళ్లు చదువుకోవడానికి ఇంట్లో ఒక జీతం ఉంటుంది. మీరు వీఆర్‌ఎస్ తీసుకుంటే తను చదువు మాని పనికి వెళ్లక తప్పని రోజు రావొచ్చు. మీ ఇద్దరి సమస్యకీ నిజంగా ముడి ఉన్నది ఇక్కడే, ఇది అమ్మాయికి కూడా ఇలాగే చెప్పండి, మీరెందుకు ఆ పుస్తకాలు పట్టుకున్నారో తనకి తెలుస్తుంది.

అప్లై చేసేటప్పుడు టెన్త్ సర్టిఫికెట్‌లో, సర్వీస్ రిజిస్టర్‌లో మీ ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి, పెళ్లి తర్వాత మార్పించుకున్న వాళ్లకి ఇక్కడే చిక్కు వస్తుంది. సర్వీస్‌లో ఉన్నవాళ్లకి కూడా అప్లై చేసే వీలు ఇచ్చారు కాబట్టి ఆ కాలమ్ నింపడం మర్చిపోవద్దు. చివరి రోజు దాకా ఆగకండి, దగ్గర సెంటర్లు ముందే నిండిపోతాయి, తర్వాత ఏ పక్క జిల్లాలోనో వేస్తే పొద్దున్నే పరీక్షకి ముందురోజే వెళ్లి ఎవరింట్లోనో ఉండాల్సి వస్తుంది.